ఇల్లు ముందా, నియమము ముందా?

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు చెప్పుచుందురు. చేతిలో నాలుగు రూకలును, కాలిక్రింద నాలుగు గజముల నేలయు గలవానికే ఇల్లు అంత కష్టమైనప్పుడు, ఆ రెండును లేనివాని గతి యేమి? రైలు స్టేషనులలోను, దేవాలయ మంటపములలోను, వంతెనలక్రిందను, సముద్రపుటొడ్డున తాటియాకు పాకలలోను రాత్రులు గడపువారిని మనము ప్రతిదినము చూచుచునే యున్నాము. వారికి ఇల్లీయవలెనను విషయమున ఎవరికిని భేదాభిప్రాయము లేదు. భేదమంతయు తరువాతి మాటలో నున్నది. ఇల్లిచ్చునప్పుడు, 'నీవు త్రాగుడు మానవలెను, వైద్యుని యొద్దకు పోవలెను, పని నేర్చుకొనవలెను, మేము చెప్పు బోధలకు తప్పక రావలెను. రానిచో ఇల్లు విడువవలెను' అని షరతు పెట్టవచ్చునా? లేక ఇల్లు మొదట నిచ్చి, తక్కిన సహాయమును అతని యిష్టమునకు విడువవలెనా?

ఈ ప్రశ్న నేడు పలుదేశములలో చర్చింపబడుచున్నది. అయినను మన నెల్లూరు తీరమునకు ఇది క్రొత్త ప్రశ్న కాదు. నూఱేండ్లకు పూర్వమే మన కావలిలో దీనికొక సమాధానము చెప్పబడినది. ఆ సమాధానము సరియైనది కాదని నా అభిప్రాయము. కారణములను మనవి చేసెదను. చదువరులు విచారించి తీర్పు చెప్పుదురు గాక.

ముందుగా, షరతు పెట్టవలెనను వారి వాదమును న్యాయముగా వినవలెను. వారు కఠినహృదయులు కారు. తఱచుగా దీనులకొఱకు మనకంటె నెక్కువగా శ్రమించినవారే అట్లు వాదింతురు. వారు చెప్పునది యిది: 'వీధిపాలైన మనుష్యుని కష్టము ఇల్లు లేకుండుట యొక్కటియే కాదు. త్రాగుడు, మనోవ్యాధి, అప్పు, పని తెలియకుండుట, అయినవారితో కలహము, ఇవన్నియు దానికి వేళ్లు. వేళ్లను విడిచి కొమ్మను కట్టిన నేమి లాభము? ఇల్లిచ్చిన మూడు నెలలకు అతడు దానిని అమ్ముకొనును, లేదా తాళమువైచి పోవును. పది మంది దాతల ధనమును ఖర్చు పెట్టువారు దానికి ఫలము చూపవలెను గదా. మఱియు నియమము లేని చోట బలహీనులు నలిగిపోవుదురు. తండ్రి బిడ్డకు ఔషధము త్రాగించునప్పుడు బిడ్డ యిష్టము నడుగునా?'

ఈ మాటలలో సత్యము లేకపోలేదు. కాని చివరి వాక్యములోనే దోషము దాగియున్నది. ఇల్లు లేనివాడు బిడ్డ కాడు. ఇల్లిచ్చువాడు తండ్రియు కాడు. ఈ భేదమును మఱచినందువలన ఏమి జరిగినదో మన తీరము చూచినది.

1871లో ఆంగ్లప్రభుత్వము 'నేరస్థ జాతుల శాసనము' అను నొకదానిని చేసినది. 1911లో దానిని మార్చి మదరాసు రాజధానికిని వర్తింపజేసినది. ఎఱుకలవారు మొదలుగాగల సంచారజాతులలో పుట్టుటయే నేరమన్నట్లు, వారి పేళ్లను పట్టికలలో వ్రాసి, వ్రేలిముద్రలు తీసికొని, వారిని కొన్ని వాడలలో నుంచి కాపాడవలెనని ఆ శాసనము. వాటికే 'సెటిల్మెంటు' లని పేరు. 1910 తరువాతి సంవత్సరములలో కావలిలోని సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనువారును, బాపట్ల దగ్గఱి స్టూవర్టుపురమును సాల్వేషన్ ఆర్మీవారును ప్రభుత్వము తరపున నడపిరి.

అక్కడ వారికి నివాసమున్నది. పని యున్నది. బడి యున్నది. ప్రార్థనయు నున్నది. నేటి మాటలలో చెప్పవలెనన్న, ఇల్లును సేవలును ఒకేచోట అమర్చినారు. అయితే దినదినము పేరు పిలుచునప్పుడు పలుకవలెను. చీటి లేనిదే పొలిమేర దాటరాదు, దాటిన శిక్ష. తల్లిదండ్రులనుండి పిల్లలను వేఱుచేసి పాఠశాలలలో నుంచుటకు గూడ ఆ శాసనము ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. ఆ మిషనరీలు దుర్మార్గులని నేను చెప్పను. వారిలో పెక్కురు పోలీసు లాఠీకంటె బడియు పనియు మేలని హృదయపూర్వకముగా నమ్మినవారు. అక్కడ నాలుగక్షరములు నేర్చినవారును, చేతిపని నేర్చినవారును గలరు. కాని, నేర్చుకొనుట తప్పనిసరియైన చోట, నేర్చినది తన సొత్తు అని మనుష్యునకు తోచునా? ప్రార్థనకు వచ్చినవాడు దేవుని వెదకి వచ్చినాడో, హాజరుపట్టీకి వెఱచి వచ్చినాడో బోధకునకే తెలియదు. ఇదియే షరతునందలి గొప్ప కీడు. అది తీసికొనువానిని మాత్రమే కాదు, ఇచ్చువానిని గూడ చెఱచును. బోధకుడు కావలివాడగును, వైద్యుడు సాక్షియగును, ఉపాధ్యాయుని చేతిలోని పుస్తకము పోలీసువాని పుస్తకమునకు నకలగును.

ఆ శాసనమును తొలగింపవలెనని పోరాడినవారిలో మన నెల్లూరి శ్రీ వెన్నెలకంటి రాఘవయ్యగారు ముఖ్యులు. యానాదులకును ఇతర ఆదిమజాతులకును సేవచేయుటయే ఆయన తన జీవితకార్యముగా నెంచెను. మదరాసు ప్రభుత్వము 1947లో ఆ శాసనమును రద్దుచేసినది. తరువాత శ్రీ అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను కూడిన విచారణసంఘము సిఫారసుమీద, 1952 ఆగష్టు 31న దేశమంతటను అది రద్దయినది. నాటినుండి ఆ జాతులకు 'విముక్త జాతులు' అని పేరు వచ్చినది. శాసనము పోయినను మచ్చ పోయినదా? స్టూవర్టుపురము పేరు చెప్పి చలనచిత్రములవారు 1991లోను, మఱల 2023లోను దొంగలకథలే చూపిరి. మనుష్యులను బాగుచేయుటకని కట్టిన వాడ పేరే వారి మనుమలకు మచ్చయైనది. షరతుతో గూడిన దానము ఎంతకాలము వెంటాడునో చూడుడు.

అదే స్టూవర్టుపురమునకు మఱియొకరు మఱియొక విధముగా పోయిరి. మహాకవి జాషువగారి కుమార్తె శ్రీమతి హేమలతాలవణము గారును, ఆమె భర్త లవణముగారును అక్కడ సంస్కారకార్యము చేసిరి. వారి చేతిలో హాజరుపట్టీ లేదు, చీటి లేదు, లాఠీ లేదు. రాకున్న ఇల్లు పోవునను భయమును లేదు. తలుపు తట్టి, కూర్చుండి, మాటలాడిరి. వచ్చినవారు తమంత తాము వచ్చిరి. అట్లు వచ్చినవాని మార్పు అతనిదే గాని, మఱియొకరు తొడిగిన అంగీ కాదు.

ఇంతకంటె పూర్వము జరిగిన మఱియొక సంగతి యున్నది. 1876 మొదలు 1878 వఱకు మన ప్రాంతమున మహాక్షామము కలిగెను. కూలిపనులు చూపి అన్నము పెట్టుటకు ప్రభుత్వము పూనుకొన్నది. కాని, 'అన్నము సులభమైనచో జనులు సోమరులగుదు'రను భయము అధికారులను పట్టినది. ఇంటికి దూరముననున్న శిబిరములకు పోయినవారికే సహాయమను పరీక్షలు పెట్టిరి. 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి, పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు కూలియును, కొలదిపాటి రొక్కమును చాలునని తగ్గించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషుగారు, అది మనుష్యుడు బ్రదుకుటకు చాలదని వాదించిరి. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఈలోపల చచ్చినవారు చచ్చిరి. సోమరితనమునకు వెఱచి పెట్టిన షరతు సోమరుల నెంత బాగుచేసినదో తెలియదు గాని, ఆకలిగొన్నవారిని మాత్రము కొట్టినది.

ఆ క్షామముననే, అప్పటి నెల్లూరుజిల్లాలోని ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని, వేలకొలది దీనులకు పని చూపిరి. పనికి కూలి యిచ్చిరి. ఆ కాలమున అనేకులు బాప్తిస్మము కోరుచు ఆయనయొద్దకు వచ్చిరి. మిషనరీకి అంతకంటె సంతోషకరమైన సంగతి యేమున్నది? అయినను ఆయన ఒక సంవత్సరమునకు పైగా ఎవరికిని బాప్తిస్మమీయలేదు. అన్నముకొఱకు వచ్చినవారెవరో, విశ్వాసముకొఱకు వచ్చినవారెవరో తేలవలెనన్న, ఆ రెంటిని వేఱుగా నుంచవలెనని ఆయనకు తెలియును. సహాయపు పనులు ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న, ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమీయబడినది. ఆ సంఖ్యను మనము తఱచుగా చెప్పుకొందుము. దానికి ముందటి ఆ నిరీక్షణమును చెప్పుకొనుట తక్కువ. నా దృష్టిలో నిరీక్షణమే గొప్పది. కాలువదగ్గఱ మిషను నేర్పిన పాఠమును సెటిల్మెంటుదగ్గఱ మిషనే మఱచినది. మనది మిషను పాఠశాల గనుక ఈ మాట మనమే చెప్పుకొనవలెను.

ఇక పైదేశముల అనుభవము చూతము. 1992లో న్యూయార్కు నగరమున శామ్ త్సెంబెరిస్ అను మనశ్శాస్త్రవేత్త, వీధులలోనుండు మనోవ్యాధిగ్రస్తులకు మొదట ఇల్లిచ్చి, చికిత్సను వారి యిష్టమునకు విడుచు పద్ధతిని ప్రారంభించెను. 2009 మొదలు 2013 వఱకు కెనడాదేశమున ఐదు నగరములలో, సుమారు 2,000 మంది నిరాశ్రయులతో దీనిని పరీక్షించి చూచిరి. చీట్లు వేసినట్లు వారిని రెండు భాగములుచేసి, ఒక భాగమునకు ఈ పద్ధతిని, రెండవదానికి వాడుకలోనున్న సహాయమును చూపిరి. చివరి ఆఱునెలలలో మొదటివారిలో నూటికి 62 మంది ఎడతెగక ఇంటనుండిరి. రెండవవారిలో 31 మంది మాత్రమే యుండిరి. అక్కడ గూడ అద్దెలో కొంత చెల్లింపవలెను; వారమునకొక పర్యాయము సహాయకుడు వచ్చి పలుకరించుటకు ఒప్పుకొనవలెను. కాని, మందు త్రాగకున్నను, త్రాగుడు మానకున్నను ఇల్లు పోదు. ఫిన్లండుదేశము 2008 నుండి ఇదే మార్గమును జాతీయవిధానముగా చేసికొని, రాత్రిబసలను అద్దెయిండ్లుగా మార్చినది. 1987లో సుమారు 18,000గా నుండిన అక్కడి నిరాశ్రయులు 2023 నాటికి 4,000కు లోబడిరి. 2024లో ఆ సంఖ్య మఱల కొంచెము పెరిగినది. అమెరికాలోనో, 2025 జూలైలో ఆ దేశాధ్యక్షుడు ఈ పద్ధతికి మద్దతు ఉపసంహరింపవలెనని ఉత్తరువు చేసెను. కావున వివాదము ముగియలేదు.

ఈ పద్ధతి సర్వరోగనివారిణి యని నేననను. కెనడా పరీక్షలో ఇల్లు నిలిచినది గాని, త్రాగుడు విషయమున రెండు భాగములకును చెప్పుకొనదగినంత భేదము కనబడలేదు. దీనిని చూపి కొందఱు, 'చూచితిరా, ఇల్లిచ్చినంతమాత్రమున బాగుపడలేదు' అందురు. నిజమే. కాని షరతు పెట్టినంతమాత్రమున బాగుపడినారా? పడలేదు, పైగా ఇల్లును లేదు. ఇంటనుండి త్రాగువాడును, వీధినుండి త్రాగువాడును ఒకే రోగము గలవారైనచో, వైద్యుడు రేపు వెదకి పట్టుకొనగలవాడు మొదటివాడే. చిరునామా లేనివానికి ఔషధ మెట్లు చేరును? ఉద్యోగపు ఉత్తరమెట్లు చేరును?

మఱి నియమములే వలదా అని మీరడుగుదురు. వలయును. ఇక్కడ రెండు విధములైన నియమములను వేఱుచేసి చూడవలెను. ఇంటికి సంబంధించిన నియమములు ఒక విధము: పొరుగువానిని కొట్టరాదు, ఇల్లు పాడుచేయరాదు, ఒప్పుకొన్న అద్దె చెల్లింపవలెను. ఇవి మీకును నాకును గలవే. ఇల్లు లేక వచ్చినవానికిని అవే యుండవలెను. మనుష్యుని మనస్సునకును బ్రదుకునకును సంబంధించినవి రెండవ విధము: ఈ వైద్యము చేయించుకొమ్ము, ఈ పని నేర్చుకొమ్ము, ఈ బోధ వినుము. అద్దెయింటనున్న మనలో నెవరినైనను యజమాని యిట్లడిగినచో ఊరుకొందుమా? ధనవంతుడు తన మేడలో త్రాగి పడియున్నను అతని యిల్లు ఎవరును లాగికొనరు. బీదవాని విషయముననే ఇల్లు సద్గుణమునకు బహుమానమగుట యేమి న్యాయము?

విద్యార్థులు ఒక చిక్కుప్రశ్న వేయవచ్చును. 'మన హాస్టలులో చదువువేళకు కూర్చుండనివానిని ఇంటికి పంపుదురు గదా. అది న్యాయమైనచో ఇదియు న్యాయము కాదా?' అని. మంచి ప్రశ్నయే. హాస్టలు చదువుకొఱకు పుట్టినది; చదువు వలదనువానికి అక్కడ పని లేదు. అన్నిటికంటె ముఖ్యము, అతనిని పంపునది ఇంటికి! ఇల్లు లేనివానిని ఎక్కడికి పంపుదుము? అతనికి ఇది చివరి గడప. ఈ గడప దాటించిన తరువాత మిగిలినది వీధియే. పోవుటకు మఱియొక చోటు గలవానికి పెట్టిన షరతు ఒప్పందమగును. మఱియొక చోటు లేనివానికి పెట్టిన షరతు బలాత్కారమగును.

ఇప్పుడు మన తీరమునకు వత్తము. యానాదుల కాలనీలలో తాళములు వేసిన ఇండ్లను మీరు చూచియుందురు. 'చూడుడు, ఇల్లిచ్చినను ఉండరు. వారికి అలవాటు లేదు' అని మనము తేలికగా అందుము. ఒకసారి విచారింపుడు. చేపలు పట్టి బ్రదుకువానికి వాగునకు దూరముగా ఇల్లిచ్చిన నెట్లుండును? రొయ్యలగుంటకు కాపలా కూలివాడు రాత్రి గట్టుమీదనే పండుకొనవలెనని యజమాని కట్టడి చేసిన ఏమిచేయును? ఇంటికి పట్టా లేదు, చేతిలో కార్డు లేదు, కుళాయికి నీరు రాదు. అది అలవాటులోని లోపము కాదు, ఇచ్చుటలోని లోపము. ఇచ్చువారు మొదట అడుగవలసిన ప్రశ్న 'నీవెట్లుండవలెను?' అని కాదు, 'నీకు ఎక్కడ కావలెను?' అని.

పట్టణముల సంగతి చూడుడు. పెద్ద పట్టణములలో లక్షజనాభాకు ఒకటి చొప్పున ఆశ్రయగృహములుండవలెననియు, అవి సంవత్సరము పొడుగున రేయింబవళ్లు తెఱచియుండవలెననియు 2010లో సుప్రీంకోర్టువారు ఆజ్ఞాపించిరి. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి పథకము మనిషికి 50 చదరపు అడుగుల చోటుండవలెనని నిర్ణయించినది. అది మంచిదే. అయినను ఆశ్రయగృహము సత్రమువంటిది, ఇల్లు కాదు. సత్రములో రాత్రి గడచును, బ్రదుకు గడవదు. అక్కడికి వచ్చినవారికి రేషనుకార్డు, వైద్యము, పని చూపు సహాయకులు తప్పక యుండవలెను. నా వాదము సేవలు తగ్గింపవలెనని కాదు. సేవలను గుమ్మమువఱకు తేవలెను. కాని గుమ్మమునకు తాళముగా చేయరాదు. బలవంతము లేనిచోట సేవ మంచిదై తీరవలెను, లేనిచో ఎవరును రారు. వైద్యుడు మర్యాదగా మాటలాడవలెను. నేర్పు పనికి కూలి దొరకవలెను. ఎవరును రానిచో రానివారిని తప్పుపట్టుటకు ముందు మన సేవను మనము పరీక్షించుకొందుము.

ఇట్టి దానము మన జాతికి తెలియనిది కాదు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టి కీర్తిగాంచిరి. ఆకలి తప్ప వేఱు అర్హత ఆమె చూడలేదు. మన వేదపుస్తకములోని మంచి సమరయుడు త్రోవప్రక్క పడియున్నవానిని సత్రమునకు చేర్చి, ఖర్చునకు రెండు దేనారములిచ్చి, ఇంకను కావలసినచో మఱల వచ్చినప్పుడు ఇత్తునని పోయెను. ఆ గాయపడినవాడు మంచివాడో చెడ్డవాడో, లేచిన తరువాత ఏమి చేసెనో ఆ కథలో లేదు. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే. తక్కిన తొమ్మండుగురు ఎక్కడ అని ప్రభువు అడిగెను, నిజమే. కాని వారి స్వస్థతను వెనుకకు తీసికొనలేదు.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు అధికారులగుదురు. కొందఱు బోధకులు, వైద్యులు, పంచాయతీ సభ్యులు అగుదురు. ఒకనాడు ఒక ఇంటి తాళపుచెవి మీ చేతికి వచ్చును. ఎదుట ఇల్లు లేని మనుష్యుడు నిలుచును. ఆ చెవి నిచ్చుటకు ముందు అతనినుండి ఏదో మాట పుచ్చుకొనవలెనని మీకు తోచును. మంచిబుద్ధితోనే తోచును. అప్పుడు కావలి సెటిల్మెంటులో ప్రతిదినము పేరు పిలువగా పలికినవారిని తలచుకొనుడు. తాళపుచెవిని మొదట ఇండు. మఱునాడు పోయి తలుపు తట్టుడు. తెఱచుటయు తెఱవకుండుటయు అతని చేతిలో నుండనిండు. అప్పుడే అది అతని యిల్లు.